లెక్కల మిషను, అవ్వ మిరపకాయలు, ఒక పావు చుట్టు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, కాగితం మీద సరిపోయిన లెక్క గోడ లోపల కూడా సరిపోతుందని. రెండు, మనం నిద్రపోయినప్పుడు కూడా మన కోసం పనిచేసే యంత్రం ఒకటి ఇంట్లో ఉంటే ఇక జీవితం దానంతట అదే సాగిపోతుందని. (ఆ రోజులంటే మరీ పాత రోజులేమీ కావు. అందరం మూతికి గుడ్డ కట్టుకుని, ఎవరైనా దగ్గితే రెండడుగులు వెనక్కి జరిగిన కాలం. ఈ దగ్గు సంగతి గుర్తు పెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.) ఇప్పుడు తలుచుకుంటే ఆ నెలలు విడివిడి రోజులుగా గుర్తుకు రావు. సగం మూసిన కిటికీ, వెనక గదిలోంచి రేకుల మీద సన్నటి వాన పడుతున్నట్టు ఆగకుండా వచ్చే చప్పుడు, గోడ మీద పలచటి నీలం వెలుగు, ఆ చప్పుడులో ఇల్లంతా కొంచెం కొంచెంగా తూగుతూ ఉండడం, అన్నీ కలిసి ఒకే పొడవాటి మధ్యాహ్నంలాగా గుర్తుకొస్తాయి.

మాది మరిపెడ. బాపు వైర్‌మన్. బడి చదువు ఏడో తరగతితో ఆగింది గానీ, మా చుట్టుపక్కల గల్లీల్లో సగం ఇళ్లలోకి కరెంటు ఆయన చేతి మీదుగానే వెళ్లింది. నేను జనగామ దగ్గర కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి, ఒక చిన్న కంపెనీలో చేరి, చేరిన మూడో నెలకే ఇంటి నుంచి పని చేయమంటే లాప్‌టాప్ సంకలో పెట్టుకుని తిరిగి వచ్చినవాణ్ని. ఇంట్లో నా పేరు 'లిస్టు'. అమ్మ కొత్తిమీర తెమ్మన్నా కాగితం మీద అంకె వేసి రాసుకునేవాణ్ని (ఒకటి: కొత్తిమీర, ఒకటి-అ: వేర్లు ఉన్నది). బాపు ఏదీ రాయడు. ఆయనకు రెండు అలవాట్లు. వేరే ఎవరు బిగించిన స్క్రూనైనా తానొకసారి మళ్లీ తిప్పి చూడటం మొదటిది. ఏ ఇంటికి పోయినా ముందు స్విచ్ బోర్డు మీద చెయ్యి వెనక వైపు ఆనించి, పిల్లవాడికి జ్వరం వచ్చిందేమో చూసినట్టు, ఒక్క క్షణం కళ్లు మూసుకోవడం రెండోది. ఇంజనీరింగ్ చదివిన నాకు రెండోది చూస్తే నవ్వొచ్చేది. మొదటిది చూస్తే కోపం వచ్చేది, ఎందుకంటే ఆ వేరే ఎవరో సాధారణంగా నేనే.

కాలేజీ దోస్తు ఒకడు హైదరాబాద్‌లో గేమింగ్ సెంటర్ మూసేస్తూ పన్నెండు గ్రాఫిక్స్ కార్డులు నాకు అప్పజెప్పాడు. వాటితో క్రిప్టో నాణేలు తవ్వొచ్చు. తవ్వడమంటే పార పట్టుకోవడం కాదు. ఆ కార్డులు పగలూ రాత్రీ ఆగకుండా లెక్కలు చేస్తూ ఉంటాయి. ప్రపంచం నిండా ఇలాంటి యంత్రాలు అదే లెక్క వెంట పడుతూ ఉంటాయి. చేసిన పనికి తగ్గట్టు, కంటికి కనిపించని నాణెంలో నలుసంత ముక్క మన వాటాకు వస్తుంది. దీన్ని అవ్వకు (బాపు తల్లి, ఇంట్లో అందరికంటే పెద్ద, అందరికంటే ఎక్కువ ప్రశ్నలు అడిగే మనిషి) ఒక పూటంతా వివరించాను.

"లెక్కలు చేస్తే పైసలిస్తరా?" అంది.

"ఇస్తరు అవ్వా."

"ఎవలిస్తరు?"

"ఎవలూ ఇయ్యరు. అదే వస్తది."

"మీ బాపు చిన్నప్పుడు గీ సంగతి తెల్వకపాయె. లెక్కల పంతులు కొట్టిండని బడే బందువెట్టిండు" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు లెక్కల మిషను.

బాపును ఒప్పించడానికి పన్నెండు అంశాల లిస్టు తయారు చేశాను. మిషను లాగేది రెండు వేల వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్ల చిల్లర. ఫ్యాన్లూ లైట్లూ ఉండే మామూలు బోర్డు దానికి పనికిరాదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే పనికిరాదు. గంటల తరబడి ఆగకుండా నడిచే లోడు ఏదైనా, పాయింటు మోయగలిగినదాంట్లో ఎనభై శాతం దాటకూడదు. మా వెనక గదిలో పదిహేను ఆంపియర్ల పాయింటు ఒకటి ఉంది. ఎప్పటికైనా ఏసీ పెట్టుకుంటామన్న ముందుచూపుతో, ఇల్లు కట్టినప్పుడే బాపు మెయిన్ బోర్డు నుంచి మందపాటి రాగి తీగ విడిగా లాగి, దానికంటూ ఒక ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే తనంతట తానే పడిపోయే స్విచ్) పెట్టాడు. ఏసీ మాత్రం రాలేదు. ఆ లైను అన్నేళ్లూ చుట్టం కోసం ఊడ్చి పెట్టిన గదిలాగా ఎదురుచూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్లకు చుట్టం వచ్చాడని నేను వాదించాను. మీటరు మీద లోడు కూడా పెంచి రాయించుకుందామని పదకొండో అంశంలో ఉంది.

బాపు చాయ్ తాగుతూ పన్నెండూ విన్నాడు. సాసరు కింద పెట్టి, "మంచిగనే ఉన్నది. గని నా మూడు మాటలు గూడ రాస్కో" అన్నాడు. "ఒకటి, ఆ పాయింటుకు దాన్నొక్కదాన్నే పెట్టాలె, ఇంకోటి పెట్టొద్దు. రెండు, ఇంటికి తాళమేసి పోతె బందు చేసి పోవాలె. మూడు, కాలిన వాసన ఒక్కపారి వచ్చిందా, మిషన్ బయటికి. దాని ఎంబడి నువ్వు."

"రాదు బాపూ. లెక్క చూసిన గదా."

"లెక్క సంగతి గాదు బిడ్డా. ముప్పై ఏండ్ల సంది ఊరంత వైర్లు గుంజిన. నేను పెట్టిన బోర్డు ఒక్కటి గూడ కాలలే. ఇగ వైర్‌మన్ ఇంట్లనే కాలిందనుకో, రేపటి సంది నన్ను పిలిచేదెవడు? పైస సంగతి గూడ ఇడిచిపెట్టు. పిలుస్తరు, మల్ల నేను బిగించినంక ఇంకొకన్ని పిలిచి సూపిచ్చుకుంటరు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన ఖాళీ సాసరును మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. నేనది గమనించాను గానీ రాసుకోలేదు.

ఆ పాయింటుకున్న సాకెట్టు పాతబడి పగిలి ఉంది. నేనే మారుస్తానని పట్టుబట్టాను. బాపు స్క్రూ డ్రైవర్ ఇచ్చి పక్కనే నిలబడ్డాడు గానీ, అంతలో నెల్లికుదురు నుంచి ఫోన్ వచ్చింది, ఎవరిదో బావి మోటారు తిరగడం లేదని. బండి స్టార్ట్ చేసి, వాకిట్లోంచి అరిచాడు: "నాలుగొద్దులయినంక యాది చెయ్ రా, ఒకపారి చూస్త!" నేను సరేనన్నాను. నాలుగు రోజులు అయ్యాయి. నేను యాది చేయలేదు. మరిచిపోలేదు, కావాలనే చేయలేదు. ఆ ఇంట్లో కొన్ని వందల స్క్రూలు ఉన్నాయి, ప్రతిదాని మీదా బాపు చెయ్యి పడింది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నేను బిగించింది నేను బిగించినట్టే ఉండాలని నా కోరిక. బాపు ఆ దసరా పండగ పనుల్లో పడి ఆ మాట మరిచిపోయాడు.

మిషను మొదలైంది. దానితోపాటు నా టైంటేబులు కూడా మొదలైంది. మొత్తం ఇంటి లోడు లెక్క తప్పకూడదని మెయిన్ బోర్డు పక్కన ఒక చార్టు అంటించాను. మిక్సీ ఎప్పుడు, ఇస్త్రీపెట్టె ఎప్పుడు, నీళ్లు కాగబెట్టే రాడ్డు ఎప్పుడు, ఏది నడుస్తుంటే ఏది నడవకూడదు, అన్నీ గళ్లు గీసి రాశాను (ఎర్ర గడి అంటే వద్దు, పచ్చ గడి అంటే కానివ్వండి, పసుపు గడి అంటే నన్ను అడగండి). మొదటి రోజే అమ్మ వంటింట్లోంచి కేక వేసింది: "ఏందిరా ఇది, చట్నీ నూరాలంటే నీ పర్మిషన్ కావాల్నా?"

"పసుపు గడి అమ్మా. రాడ్డు బందు చేసి నూరుకో."

"రాడ్డు బందు చేస్తె మీ బాపు సన్నీళ్లు పోస్కుంటడా?"

"అయితే పావుగంట ఆగు."

"దోశె ఆగుతదా పెంక మీద?"

అయినా ఆగింది. మా అమ్మ మనసు మెత్తన. రెండు వారాలకు ఇల్లంతా ఆ గళ్ల ప్రకారం నడవడం అలవాటు చేసుకుంది. పక్కింటి ఖాలా (బట్టలు కుట్టి, ఇస్త్రీ చేసి ఇచ్చే ఆవిడ, గల్లీ అంతటికీ ఖాలానే) ఒకసారి వచ్చి చార్టు చూసి, "అరె వా, ఇంజనీర్ బేటా! రైలు స్టేషన్ల గూడ ఇంత మంచిగ రాయరు" అంది. నేను మురిసిపోయాను. అది మెప్పు కాకపోవచ్చని ఇప్పుడు అనిపిస్తోంది.

చలికాలం వచ్చేసరికి వెనక గది ఇంట్లో అందరికీ ఇష్టమైన చోటు అయిపోయింది. మిషను వదిలే గాలి వెచ్చగా, ఒకే తీరుగా, అలసట లేకుండా వచ్చేది. అవ్వ తన నులక మంచాన్ని ఆ గాలికి అడ్డంగా వేసుకుంది. మోకాళ్ల నొప్పులు తగ్గాయంది. పొయ్యి లేదు, పొగ లేదు, దేవుడు మంట కూడా వేయకుండా వెచ్చదనం ఇచ్చిండు అంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మంచం మీద అవ్వ, మంచం కింద పిల్లి, గడప మీద లాప్‌టాప్‌తో నేను, ముగ్గురం ఆ వాన చప్పుడు లాంటి రొదలో తూగేవాళ్లం. కళ్లు మూసుకుంటే నాకు ఆ నాణేలు కనిపించేవి. కనిపించని వాటిని ఎట్లా చూస్తామంటే, సగం నిద్రలో ఏదైనా చూడొచ్చు. అవి చెరువు మీద వాన చినుకుల్లా పుట్టి చెదిరిపోయేవి. వాటితో ఏం కొనాలో కూడా లిస్టు ఉండేది, మొదటి అంశం బాపుకు ఏసీ. ఆ ఏసీ లైను మీదే మిషను నడుస్తోంది కదా, ఏసీ వస్తే మిషనును ఎక్కడ పెట్టాలనే ప్రశ్న వచ్చేది. దానికి జవాబు దొరికేలోపు నిద్ర పట్టేది.

నేను అజాగ్రత్తగా ఉన్నానని మాత్రం అనుకోవద్దు. బాపులాగా చెయ్యి పెట్టి చూడడం నా చదువుకు తక్కువ అనిపించి, ప్రతి ఉదయం పదింటికి సాకెట్టు వేడిని కొలిచేవాణ్ని. దేనితో కొలిచానంటే, ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో ఉన్న, నుదుటికి చూపించి జ్వరం చూసే తుపాకీతో. దాన్ని సాకెట్టుకు గురిపెట్టి నొక్కేవాణ్ని, కీచుమనేది, అంకె నోట్‌బుక్కులో ఎక్కించేవాణ్ని. ముప్పై ఆరున్నర. ముప్పై ఆరు పాయింట్ ఏడు. ముప్పై ఆరున్నర. నాలుగు నెలలు, ఒక్క రోజు తప్పకుండా. ఆ అంకెల నిలకడ చూసి ముచ్చటపడేవాణ్ని. ఆ పరికరం మనుషుల కోసం చేసిందని, దేనికి చూపించినా దాన్ని మనిషి ఒంటి వేడిగా మార్చి చెప్పడానికే తంటాలు పడుతుందని నాకు తర్వాత తెలిసింది. పైగా నేను గురిపెట్టింది సాకెట్టు పక్కన ఉన్న ఖాళీ పలకకు.

ఇక మిరపకాయల దగ్గరికి వస్తాను. నెల్లికుదురు దగ్గర మేనత్త వాళ్లకు మిరప చేను ఉంది. ఏడాది కారానికి సరిపడా కాయ ప్రతి సంవత్సరం అక్కడి నుంచే వస్తుంది. ఆ ఏడు కాయ కల్లంలో ఉండగానే కాలం కాని కాలంలో వాన పడింది. మాకొచ్చిన బస్తా తడిగా, బరువుగా వచ్చింది. తడి కాయ రెండు రోజులు అట్లాగే ఉంటే బూజు పట్టి నల్లబడుతుంది, ఇక ఏడాదంతా కూరల్లో ఆ బూజు వాసనే. బయట మబ్బు. అవ్వ బస్తా ముందు కూర్చుని, ఒక్కో కాయ తీసి చూసి, మళ్లీ పెడుతూ, దిగులుగా ఉంది. ఉన్నట్టుండి తల ఎత్తి వెనక గది వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ప్రపంచంలో ఎంతమంది ఇంజనీర్లు ఆ యంత్రం వేడిని ఎట్లా వదిలించుకోవాలా అని తల పట్టుకున్నారో, అంతమందికీ తట్టనిది మా అవ్వకు తట్టింది.

చేటల్లో, జల్లెళ్లలో, పాత చీర మీద కాయ పరిచి మిషను వెచ్చటి గాలికి పెట్టింది. ఒక్క రోజులో కాయ గలగలమంది. నాకూ గర్వంగానే ఉంది. నోట్‌బుక్కులో కొత్త పేజీ తీసి 'ఉప ప్రయోజనాలు' అని రాశాను. సాయంత్రానికి ఖాలా గోడ మీదుగా తొంగి చూసి, "అవ్వా, నాది గూడ జర రెండు కిలోలు పెడతవా?" అంది. అవ్వ పెద్దరికంగా, "తే బిడ్డా. మావోని మిషన్ ఎవలికీ లేదనది" అంది.

మూడో రోజు మధ్యాహ్నం. బాపు అప్పుడే అన్నానికి ఇంటికొచ్చాడు. నేను ముందు గదిలో, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కంపెనీ మీటింగులో ఉన్నాను. వెనక గదిలో అవ్వ మూడు పనులు చేసింది, మూడూ మంచి ఉద్దేశంతోనే. ఒకటి, మబ్బు గాలికి కాయ మెత్తబడకూడదని కిటికీ పూర్తిగా మూసింది. రెండు, ఎండిన కాయను తొడిమలు తీసి, గింజ రాల్చి, చేటలో చెరిగింది. మూడు, వెచ్చటి గాలి వచ్చే వైపు చోటు చాలక, ఆ చేటను మిషను అవతలి వైపు పెట్టింది. అటు వైపు గాలి వదిలేది కాదు, పీల్చుకునేది. ఒక్కో కార్డుకు రెండేసి ఫ్యాన్లు, అంటే ఇరవై నాలుగు ఫ్యాన్లు, పోటీపడి మిరప పొట్టును లోపలికి పీల్చి, కాగి ఉన్న రేకుల మీదుగా తోసి, ఇల్లంతటికీ పంచిపెట్టాయి.

ముందు పిల్లి బయటికి దూకింది. తర్వాత అవ్వ. తర్వాత వంటింట్లో అమ్మ దగ్గడం వినిపించింది. నేను మీటింగులో నా వంతు రాగానే నోరు తెరిచి, "గుడ్ ఆఫ్టర్నూన్" అనబోయి, దగ్గాను. మళ్లీ దగ్గాను. కళ్లలోంచి ధారలు. తెర మీద ఉన్న తొమ్మిది మొహాలూ, వంద కిలోమీటర్ల అవతల ఉండి కూడా, వెనక్కి జరిగాయి. మేనేజరు గొంతు తగ్గించి, "టెస్ట్ చేయించారా?" అన్నాడు. నేను చెయ్యి ఊపుతూ "మిర్చి, మిర్చి" అన్నాను. ఆయన దాన్ని సంధి ప్రేలాపన అనుకున్నాడని తర్వాత తెలిసింది. గల్లీలో మా ఇంటికి రెండు వైపులా టపటపా కిటికీలు మూసుకున్నాయి.

బాపు తువ్వాల తడిపి ముక్కుకు కట్టుకుని వెనక గది దాకా వచ్చాడు. గడప దగ్గర ఆగాడు. తువ్వాల కిందికి లాగి, ఆ ఘాటులో, కావాలని, ఊపిరి పీల్చాడు.

"మిరపకాయనే బాపూ," అన్నాను దగ్గుతూ. "అవ్వ చేట అటు పెట్టింది."

"గాదు," అన్నాడు. "మిరపకాయ ఎనక ఇంకోటి ఉన్నది."

గిర్రున తిరిగి మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి ఏసీ లైను ఎంసీబీ కిందికి దించాడు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి ఆ వాన ఆగిపోయింది. ఇల్లు ఒక్కసారిగా ఎంత పెద్దదైపోయిందో. వాకిట్లో అవ్వ తుమ్ము కూడా గుడి గంటలా వినిపించింది. బాపు లోపలికి వెళ్లి కిటికీ తెరిచి, చెయ్యి వెనక వైపు సాకెట్టులో ఉన్న ప్లగ్గు మీద ఆనించి, వెంటనే తీసేశాడు.

"జరమొచ్చింది," అన్నాడు.

కాసేపు ఆరనిచ్చి ప్లగ్గు లాగాడు. ఒక పిన్ను మొదట్లో తెల్లటి ప్లాస్టిక్ బెల్లం పాకం రంగుకు తిరిగి, మెత్తబడి, ఒక పక్కకు వంగింది. సాకెట్టు విప్పాడు. స్క్రూ డ్రైవర్ పెట్టి తిప్పితే తీగను పట్టుకోవాల్సిన స్క్రూ వేళ్ల కింద బొంగరంలాగా తిరిగింది. ఎంసీబీ ఎందుకు పడలేదని నా మనసులోకి వచ్చిన ప్రశ్నకు నా చదువే జవాబు చెప్పింది. లాగుతున్నది తొమ్మిది ఆంపియర్లే. ఎక్కువ లాగితే దానికి తెలుస్తుంది, వదులైతే తెలియదు.

"ఇది ఎవలు బిగించిన్రు?" బాపు అడిగాడు. ఆయనకు తెలుసు. అయినా అడిగాడు.

"నేనే."

"గట్టిగనే బిగించినవా?"

"గట్టిగనే బిగించిన బాపూ. ఒట్టు."

"బిగించే ఉంటవు," అన్నాడు. కోపం లేదు. అదే నాకు ఎక్కువ భయం వేసింది. "తీగ పడుకుంటది బిడ్డా. లోపట సన్నసన్న పోగులుంటయి గదా, కొత్తల బిగిస్తె ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటయి. లోడు పడంగ, ఎచ్చపడంగ, సల్లపడంగ, మెల్లగ ఒక్కొక్కటే పక్కకు ఒరిగి పడుకుంటయి. గప్పుడు స్క్రూ కింద సందు పడ్తది, గా సందు కాడ తీగ కాగుతది. గందుకే నాలుగొద్దులయినంక ఇంకో పావు చుట్టు తిప్పాలె. యాది చెయ్యమంటి గదా?"

అవ్వ పడుకుంది, పిల్లి పడుకుంది, నేను పడుకున్నాను. ఆ వెచ్చటి రొదలో గోడ లోపల తీగ కూడా పడుకుందన్నమాట. దాన్ని లేపాల్సిన ఒక్కణ్ని నేనే రానివ్వలేదు. నా వాదన కోసం నోట్‌బుక్కు తెచ్చి చూపించాను. బాపు పేజీలు తిప్పాడు. ముప్పై ఆరున్నర, ముప్పై ఆరున్నర. "మంచిగ రాసినవ్," అన్నాడు. "సాకెట్టుకు కరోనా లేదన్నట్టు."

అంతలో గేటు దగ్గర అలికిడి. ఖాలా, ఆమె వెనక ఇంకో నలుగురు, చున్నీలూ కొంగులూ ముక్కులకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. "క్యా హువా భాయ్?" ఖాలా అరిచింది. "వాసనొస్తున్నది! కరెంటు గాని కాలిందా?"

బాపు గేటు వైపు ఒక అడుగు వేసి ఆగాడు. ఆయన చేతిలో ఆ ప్లగ్గు ఉంది. ముప్పై ఏళ్ల మాట ఆ పాకం రంగు మచ్చ మీద నిలబడి ఉంది. నేను ఆయన మొహం చూడలేక చార్టు వైపు చూశాను. ఎర్ర గళ్లు, పచ్చ గళ్లు, ఎంత అందంగా గీశానో.

ఆ సందులోకి అవ్వ దూరింది. "నా మిరపకాయలే ఖాలా! చేట ఎటు పెట్టాల్నో తెల్వక ఇటు పెట్టిన. మీ రెండు కిలోలు గూడ పాయె!"

అందరూ నవ్వారు. నవ్వుతూ దగ్గారు. బాపు ప్లగ్గును తువ్వాలలో చుట్టి భుజాన వేసుకున్నాడు. "మిరపకాయనే," అన్నాడు. జనం వెళ్లిపోయాక కూడా చాలాసేపు ఆ తువ్వాల భుజం మీదే ఉంది.

మిషను బయటికి పోలేదు, నేనూ పోలేదు. కానీ మూడో రోజు పొద్దున చాయ్ తాగుతూ బాపు అన్నాడు: "కాయితం తే. రాస్కో. నేను ఎవలెవలికి పదిహేను ఆంపియర్ల పాయింటు పెట్టిన్నో చెప్త." కళ్లు మూసుకున్నాడు. ఇల్లు తర్వాత ఇల్లు చెప్పాడు, గల్లీ వెంట నడుస్తున్నట్టు, ఏ గదిలో, ఏ గోడకు, కిటికీకి ఎంత దూరంలో. నలభై మూడు. అన్నీ గుర్తున్నాయి. వాటిలో నాలుగు రోజుల తర్వాత తిరిగి వెళ్లి చూడటం కుదరనివి పదకొండు. ఆ పదకొండుకూ పక్కన చుక్క పెట్టమన్నాడు. వేరేవాళ్లకు తెలియకపోవచ్చు, తాను ఆ రోజు గేటు దగ్గర సగం నిజమే చెప్పానని ఆయనకు తెలుసు. మిగతా సగం ఇట్లా చెల్లిస్తున్నాడని నాకు అర్థం కావడానికి కొన్నేళ్లు పట్టింది. నా జీవితంలో నేను రాసిన లిస్టులన్నిటిలో పనికొచ్చింది అదొక్కటే, అది కూడా నేను చెప్పింది కాదు.

పదకొండు ఇళ్లూ తిరిగాం. "ఏందన్నా, ఏమన్న ఖరాబైందా?" అని అడిగితే, "ఊకెనే. ఇటు పోతున్నం, చూసి పోదామని," అనేవాడు. ఆఖరిది ఖాలా ఇల్లు, ఆమె పెద్ద ఇస్త్రీపెట్టె పాయింటు. అక్కడ బాపు మెయిన్ బందు చేసి, స్క్రూ డ్రైవర్ నా చేతికిచ్చాడు. నేను విప్పాను, చూశాను, బిగించాను. పక్కకు జరిగి, ఆయన వచ్చి మళ్లీ తిప్పుతాడని ఎదురుచూశాను. ఆయన రాలేదు. గోడకు ఆనుకుని, "ఖాలా, చాయ్ పోస్తవా లేదా?" అన్నాడు. ఖాలా వంటింట్లోంచి, "అయిపోయిందా భాయ్, నువ్వు చూసినవా?" అని అడిగితే, "మావోడు బిగించిండు. అయిపోయింది," అన్నాడు. ఆ చాయ్ రుచి నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది. చక్కెర ఎక్కువైంది. అయినా.

మిషనును బ్రష్షు పెట్టి నెల రోజులు తుడిచాను. కొన్నాళ్లు నడిచింది, ఈసారి జాలీ అడ్డం పెట్టి, చేటలకు దూరంగా. తర్వాత ఆ నాణేన్ని అట్లా తవ్వే పద్ధతే ఆగిపోయింది. కార్డులను గేములాడే పిల్లలకు అమ్మేశాను. (కొన్నవాళ్లలో ఒకడు ఫోన్ చేసి, "అన్నా, ఆట మంచిగనే నడుస్తున్నది గని, పావుగంట ఆడితె కండ్లల్ల నీళ్లొస్తున్నయ్" అన్నాడు. కళ్లకు విశ్రాంతి ఇవ్వమని చెప్పాను.) ఏసీ రాలేదు. వెనక గది మళ్లీ చల్లబడింది.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో ఒక సబ్‌స్టేషన్‌లో పని చేస్తున్నాను. వేడిని రంగుల్లో చూపించే అసలైన కెమెరా నా బల్ల మీద ఉంది. నేను తయారు చేసిన తనిఖీ లిస్టులో పదమూడో అంశం ఒకటి ఉంది: కొత్తగా బిగించినది ఏదైనా, నాలుగు రోజుల తర్వాత మళ్లీ. మధ్యాహ్నం పూట ట్రాన్స్‌ఫార్మర్ల రొద కిటికీలోంచి వస్తుంటే, సన్నగా, వానలాగా, నాకు కళ్లు మూతలు పడతాయి. ఎక్కడో ఒక నులక మంచం, దాని కింద ఒక పిల్లి కదులుతాయి. అవ్వ ఇప్పటికీ మబ్బు పట్టినప్పుడల్లా ఫోన్ చేసి, "ఆ లెక్కల మిషన్ ఉంటె మంచిగుండు బిడ్డా" అంటుంది.

మొన్న మరిపెడ వెళ్లినప్పుడు ఖాలాను పలకరించడానికి వెళ్లాను. ఇస్త్రీ చేస్తోంది. ఆ సాకెట్టు వైపు చూసి, ఆపుకోలేక, "నేను బిగించింది, గుర్తుందా ఖాలా? ఇన్నేళ్లయినా చెక్కుచెదరలేదు" అన్నాను.

"యాది లేకేంది బేటా," అంది ఖాలా, ఇస్త్రీపెట్టె ఆపకుండా. "నువ్వు బిగించి పోయినవ్. నాల్గో రోజు పొద్దుగాల మీ బాపు ఒక్కడే వచ్చిండు. 'ఊకెనే' అన్నడు. ఒకపారి తిప్పి పోయిండు."

"తిరిగిందా?" అన్నాను.

"పావు చుట్టు," అంది.

ఇంటికి నడుస్తూ ఆలోచించాను. బాపు నమ్మనిది నన్నా, తీగనా? బోర్డు మీద చెయ్యి పెట్టి చూడాల్సిన ప్రశ్న ఇది, కాగితం మీద తేలేది కాదు. ఒకే ఒక్క స్క్రూ నాదిగా ఉండాలని నాలుగు నెలలు కాపలా కాసిన ఆ లిస్టు కుర్రాడు గల్లీ మలుపులో నాకు ఎదురుపడినట్టు అనిపించింది, చేతిలో జ్వరం తుపాకీ, కళ్లలో నాణేలు. అతని భుజం పట్టుకుని బాపు ఉన్న వైపు తిప్పాలనిపించింది. నెమ్మదిగా, ఒక పావు చుట్టు.